మడత కబుర్లు

దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. ఇంట్లో కప్పుకునేదైతే గడ్డం కింద అదుముకుని ఎవరికి వారే ఎలాగో మడిచేసుకుంటారు. మా లాండ్రీకి వచ్చేవి హోటళ్ళవి, ఆసుపత్రులవి. వాటిని ఒక్కరే మడవబోతే కొస నేలకు తగులుతుంది. నేలకు తగిలిన దుప్పటి మళ్ళీ ఉతుకుడికి వెళ్ళాల్సిందే.

అందుకని ఇద్దరం చెరోవైపు నిలబడి రెండేసి మొనలు పట్టుకుంటాం. బిగలాగి ఒకసారి దులుపుతాం. ఎవరి చేతులు వాళ్ళు దగ్గరికి తెచ్చి నిలువునా మడిచి, ఆ తర్వాత ఒకరికొకరు ఎదురు నడుస్తాం. ఒకరి చేతిలోని మొనలు ఇంకొకరి చేతిలో పెట్టి, వేలాడే మడత వంగి అందుకుని, మళ్ళీ వెనక్కి. మళ్ళీ ఎదురు. ఒక్కో దుప్పటికి అలా రెండుసార్లు ముఖాలు దగ్గరవుతాయి.

హాల్లో డ్రయ్యర్లు తిరుగుతున్నంతసేపూ పక్క మనిషి కేకేసినా వినపడదు. కాబట్టి ఏం మాట్లాడుకున్నా ఆ దగ్గరకొచ్చినప్పుడే. ఒక్క మాట చెప్పి వెనక్కి వెళ్ళిపోవాలి. "నిన్న మా ఆయన వంటింట్లోకి వచ్చాడు" అంటుంది ఒకావిడ. ఎందుకొచ్చాడో తెలియాలంటే మొనలు పట్టుకుని వెనక్కి నడవాలి, మళ్ళీ రావాలి. "గిన్నె చేత్తో పట్టుకుని నిలబడ్డాడు." మళ్ళీ వెనక్కి. "ఇదెక్కడ పెట్టాలని అడిగాడు, పెళ్ళయిన ఇన్నేళ్ళకి." వీటినే మేం మడత కబుర్లంటాం. బయటివాళ్ళకి చెప్తే ఇందులో ఏముందని అడుగుతారు. ఆ మధ్యలో వెనక్కి నడిచే నడకలోనే ఉంది అంతా.

ఆ కబుర్లలో మా వదినది అందె వేసిన చెయ్యి. కథ అయిపోయిందనుకుని అవతలివాళ్ళు నవ్వేశాక, పోతూ పోతూ ఇంకొక్క మాట వేసేది. అసలు నవ్వు ఆ మాటకొచ్చేది. కూరగాయలమ్మి చివర్లో నాలుగు మిరపకాయలు కొసరు వేసినట్టు వేస్తుందని హాల్లో అందరూ ఆవిడని కొసరక్క అనేవారు. ఇంట్లో మా అమ్మ, "నవ్వు నాలుగు విధాల చేటే" అని కోడల్ని దెప్పితే, "నాలుగూ చూసేశానత్తా, అయిదోది ఏమన్నా ఉంటే చెప్పండి" అనేది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి పోయేది.

నేను ఆ లాండ్రీలో చేరడానికి జీతం ఒక కారణం, వదిన ఇంకో కారణం. సాయంత్రం ఇంటికొచ్చి ఆ రోజు కబుర్లన్నీ అతికించి మాకు చెప్పేది. నాకేమో అతకనివి వినాలని ఉండేది. ఎప్పటికైనా వదిన దుప్పటికి అవతలి మొనలు నేను పట్టుకోవాలని కోరిక. పైకి అడగలేదు. ఆవిడ జత ఆవిడకుంది.

ఆ జతని అందరూ ఎడంచేతి పిల్ల అనేవారు. నిలువు మడత వేసేటప్పుడు ఇద్దరూ కుడిచేతినే ఎడమచేతి మీదికి తెస్తే దుప్పటి మెలిపడుతుంది. ఒకరు కుడిచెయ్యి తెస్తే, ఎదురున్నవాళ్ళు అద్దంలో బొమ్మలా ఎడమచెయ్యి తేవాలి. కొత్తగా చేరినవాళ్ళకి అది నేర్చుకోవడానికే నెలలు పడుతుంది. ఎడంచేతి పిల్లకి పుట్టుకతోనే వచ్చింది. వాళ్ళిద్దరూ మడుస్తుంటే ఒకే మనిషికి నాలుగు చేతులున్నట్టుండేది. చేతులు వాటి పని అవి చేసుకుపోతే నోళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి.

పోయిన వానాకాలంలో, పనయ్యాక మమ్మల్ని ఇళ్ళ దగ్గర దింపే వ్యాను వంతెన మలుపులో జారి బోల్తాపడింది. ఆ రోజు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. చాలామందికి చిన్న దెబ్బలు తగిలాయి, మానిపోయాయి. వదినకి భుజం దగ్గర ఎముక విరిగింది, అతికింది. ఎడంచేతి పిల్ల వదిన పక్కనే కూర్చుని ఉంది. ఆమె బతకలేదు.

కట్టు విప్పిన తర్వాత వదిన మళ్ళీ పనిలోకి వచ్చింది. వచ్చిన రోజే సూపర్‌వైజర్ బాబాయిని అడిగి దిండు గలేబుల పని తీసుకుంది. గలేబులకి జత అక్కర్లేదు. వెనకాల చిన్న గదిలో ఒక్కరే కూర్చుని మడుచుకోవచ్చు. మొదట్లో అందరూ పోనీలే పాపం అన్నారు. తర్వాత్తర్వాత, ఎన్నాళ్ళని, పోయినదాని సొంత తల్లి కూడా నలుగురిలోకి వస్తోంది కదా అన్నారు. అనడంలో చెడ్డ ఉద్దేశం లేదు. వాళ్ళకీ కొసరక్క లేక చప్పగా ఉంది.

ఇంట్లో అన్నయ్య తనకు తోచింది తను చేశాడు. అన్నయ్య కరెంటు పనివాడు, మనుషులకి కూడా ఎక్కడో తీగ ఊడి ఉంటుందని నమ్ముతాడు. సినిమాకి తీసుకెళ్ళాడు. చుట్టాలని భోజనానికి పిలిచాడు. రాని జోకులు కష్టపడి చెప్పాడు. అన్నింటికీ వదిన నవ్వింది. అన్నయ్య నయమవుతోందనుకున్నాడు.

నేను మాట్లాడేదానికంటే చూసేది ఎక్కువ. అందుకే నాకు కనిపించింది. వదిన అందరికంటే ఒక్క రవ్వ ఆలస్యంగా నవ్వుతోంది. ముందు ఎదుటివాళ్ళ ముఖాలు చూస్తుంది. వాళ్ళ పెదాలు విడిన తర్వాత తన పెదాలు విప్పుతుంది. వాళ్ళు ఆపగానే ఆపేస్తుంది. భాష తెలియని ఊళ్ళో పెళ్ళివారింటికి వెళ్ళిన మనిషి అలా నవ్వుతుంది.

మధ్యాహ్నం డ్రయ్యర్లు ఆపాక అందరం పొడుగు బల్ల చుట్టూ చేరి డబ్బాలు విప్పుకుంటే, వదిన గలేబుల గది గుమ్మంలో కూర్చుని తినేది. పిలిస్తే, ఇక్కడ గాలి బాగా వస్తోందనేది. ఆ గుమ్మంలో గాలి రాదు, ఆవిరి గొట్టం పక్కనే ఉంది. అయినా గది లోపలికి వెళ్ళిపోయేది కాదు. మా మాటలు వినపడేంత దూరంలో, మోకాళ్ళ మీద డబ్బా పెట్టుకుని, ముద్ద చేతిలోనే ఉంచుకుని మావైపు చూస్తూ ఉండేది. ఎవరైనా తలతిప్పితే డబ్బాలోకి చూసుకునేది.

అలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, గలేబులు మడిచే మిషన్ వచ్చింది. బాబాయి మంచివాడే. వదిన దగ్గరికి వచ్చి, తల గోక్కుంటూ, ఇక గలేబుల్లో పని ఉండదమ్మా, దుప్పట్లకి రా అన్నాడు. వదిన సరేనంది.

హాల్లో సంబరం మొదలైంది. దాన్ని నడిపింది టముకత్త. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఏ కబురైనా టముకు వేసినట్టు ఊరంతా చాటుతుందని ఆ పేరు. కొసరక్కని నవ్వించాలి, మన పద్ధతిలోనే నవ్వించాలి అని ఆవిడ పథకం వేసింది. వదినకి ఒకే జత కాకుండా దుప్పటికొకరు జతగా వెళ్ళాలి. ఒకే కథని ఒక్కొక్కరు ఒక్కో ముక్క మోసుకెళ్ళాలి. నలుగురి చేతుల మీదుగా కథ పూర్తవ్వాలి. అందరికీ నచ్చింది. నాకూ నచ్చిందనే చెప్పాలి. ఎవరూ ఎవరికోసమూ అంత కష్టపడటం నేను చూడలేదు.

ఆ రోజు మొదటి ముక్క పొడుగావిడ తీసుకెళ్ళింది. బాబాయి కళ్ళజోడు పోయింది. రెండోది నత్త అని పిలిచే అమ్మాయి. హాలంతా వెతికించాడు, డ్రయ్యర్లలో కూడా తలపెట్టి చూడమన్నాడు. మూడోది నాది. ఇక లాభం లేదని ఇంటికి ఫోన్ చేసి భార్యని అడిగాడు. అది చెప్పి మొనలు అందిస్తుంటే వదిన వేళ్ళు చల్లగా తగిలాయి. కళ్ళు నా ముఖం మీద లేవు. నా వెనకాల వరసగా నిలబడి మావైపే చూస్తున్నవాళ్ళ మీద ఉన్నాయి.

చివరి ముక్క టముకత్తది. సరిగ్గా ఆవిడ వదిన దగ్గరికి నడుస్తుండగా డ్రయ్యర్లు ఒక విడత పూర్తయి ఆగాయి. అంత పెద్ద హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. టముకత్తకి గొంతు తగ్గించడం రాదు కాబట్టి ఆ మాట అందరికీ వినపడింది. "నంబరు చూసి నొక్కారంటే కళ్ళజోడు మీ ముక్కు మీదే ఉందండీ అందట."

హాలు హాలంతా నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు. వదిన మా ముఖాలు చూసింది. పెదాలు విడబోయాయి. అంతలో ఆవిడ చేతుల్లోంచి దుప్పటి జారిపోయింది. బల్ల కిందికి వంగి, అక్కడే చతికిలబడి, ఒక చేత్తో బల్ల కాలు, ఇంకో చేత్తో భుజం పట్టుకుని కళ్ళు మూసుకుంది. కదులుతున్న బండిలో కడ్డీ పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఎవరి నవ్వు వాళ్ళ నోట్లోనే ఆగిపోయింది. టముకత్త పక్కన కూర్చుని, నవ్విద్దామనే కదే తల్లీ అనుకున్నాం, అని మెల్లగా అంటూనే ఉంది. ఆవిడ మెల్లగా మాట్లాడగా వినడం నాకదే మొదలు. బాబాయి వచ్చి కింద పడ్డ దుప్పటి తీసి, ఎవరినీ ఏమీ అనకుండా ఉతికే గదిలోకి పట్టుకెళ్ళాడు.

ఇంటికొచ్చాక, పని మానేస్తానని వదిన చెప్పింది. మానేయ్, ఇంట్లో హాయిగా ఉండు అన్నాడు అన్నయ్య. అమ్మ మాత్రం నన్ను పక్కకి పిలిచి, ఆ మాట నాకు నచ్చలేదే అంది. "అక్కడ గుమ్మంలోనైనా కూర్చుంటోంది. ఇంట్లో ఉంటే గదిలో కూర్చుంటుంది. గదిలో కూర్చున్న మనిషిని మళ్ళీ గుమ్మంలోకి తేవడానికి నాకు వయసు లేదు."

మర్నాడు సెలవు. ఆరిన బట్టలు తీయడానికి ఇద్దరం మేడ మీదికి వెళ్ళాం. వదిన క్లిప్పులు తీసి నోట్లో పెట్టుకుంటోంది. వాళ్ళ మీద కోపమొచ్చిందా అని అడిగాను. నోట్లోంచి క్లిప్పులు తీసి, లేదంది.

"కోపమెందుకొస్తుంది? వాళ్ళంటే నాకిష్టం. ఇష్టమని తెలుసు. తెలియడమే ఉంది, తగలడం లేదు. జలుబు చేసినప్పుడు అన్నం తింటాం చూడు, ఉప్పుందని తెలుసు, కారముందని తెలుసు, నాలుకకి మాత్రం అందదు. అలా ఉంది నాకు మనుషులతో."

వదిన తీగ మీద నుంచి ఇంకో బట్ట తీసి భుజాన వేసుకుంది.

"జోకు నాకర్థమవుతుంది. ఎక్కడ నవ్వాలో కూడా తెలుసు. రాదు. ఒక్కోసారి ఎప్పుడైనా కడుపులోంచి వస్తున్నట్టుంటుంది. అప్పుడు ఇంకా ఘోరం. ఆ రోజు వ్యానులో మేం నవ్వుతూనే ఉన్నాం. అది ఏదో చెప్తోంది. చీకటి, వాన, నవ్వలేక నా భుజం మీద పడిపోయింది. ఆ నవ్వు నవ్వుతుండగానే..." ఆగింది. "ఇప్పుడు నవ్వు మొదలైతే చాలు, నేల పక్కకి ఒరుగుతున్నట్టుంటుంది."

"మరి ఎందుకు రోజూ గుమ్మంలో కూర్చుంటావు?"

పక్కింటి మేడ మీద ఎవరో ఇద్దరు గోడకి ఆనుకుని మాట్లాడుకుంటున్నారు. మాటలు వినపడటం లేదు గానీ, అందులో ఒకావిడ రెండోదాని చెయ్యి మీద ఊరికే కొట్టి నవ్వుతోంది. వదిన వాళ్ళనే చూస్తోంది.

"కూర్చోవాలనే ఉంటుంది కదే పిల్లా," అంది.

నాతో మడువు వదినా, నేనేమీ మాట్లాడను అన్నాను.

"నువ్వు మామూలుగా మాత్రం ఏం మాట్లాడతావు," అంది. అందులో పాత వదిన ఒక్క క్షణం తొంగిచూసి వెళ్ళిపోయింది.

అక్కడే, తీగ మీది మా ఇంటి దుప్పటి తీసి చెరోవైపు పట్టుకున్నాం. దులిపాం. నేను కుడిచెయ్యి తెచ్చాను, ఆవిడ కూడా కుడిచెయ్యి తెచ్చింది. దుప్పటి మధ్యలో తాడులా మెలిపడింది. ఇన్నాళ్ళుగా నాకు జతైనవాళ్ళు ఎడమచెయ్యి తెచ్చేవాళ్ళు, నేను కుడి. వదినకీ అదే అలవాటు. కళ్ళజోడు కథ రోజు కలిసి పట్టుకున్నది ఒక్క దుప్పటే, ధ్యాసంతా కథ మీదుండి మెలిక ఎలాగో సర్దేశాను. ఇద్దరం ఒకే వైపు మనుషులం. ఎదురుగా ఉండాల్సిన మనిషి లేదు. వదిన ఆ మెలికని చూస్తూ నిలబడింది. విప్పుదామని నేను ముందుకొచ్చేలోపు, "నువ్వే మార్చుకోవాలి. నా చేతికి ఇంకోటి రాదు," అంది. తప్పు చేసినట్టు అంది.

ఆ సాయంత్రమంతా ఎడమచేత్తో మడవడం నేర్చుకున్నాను. వదినే నేర్పింది. మణికట్టు పట్టుకుని ఇలా కాదు, ఇలా అని తిప్పింది. ఆవిడ ఇంకో మనిషిని తనంతట తను ముట్టుకుని ఎన్నాళ్ళయిందో.

పని మానేసే మాట వదిన మళ్ళీ ఎత్తలేదు. లాండ్రీలో నేను అందరినీ ఒకటే అడిగాను. వదినతో ఎవరూ ఏమీ మాట్లాడొద్దు, నవ్వించొద్దు, జాలిగా చూడొద్దు. మీ కబుర్లు మీరు చెప్పుకోండి, మీ నవ్వులు మీరు నవ్వుకోండి. నేను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం చూసి నత్త నోరు తెరిచింది. టముకత్తకి ఇది ప్రాణసంకటమే. వదిన పక్కగా వెళ్ళాల్సి వస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, దగ్గొచ్చినట్టు నటిస్తూ వెళ్ళేది.

అలా మొదలుపెట్టాం. మొదట్లో వదిన నా దాకా వచ్చేది కాదు. చేయిచాపు దూరంలో ఆగి మొనలు ముందుకు పెట్టేది. నేను వంగి అందుకునేదాన్ని. వేళ్ళు తగలకుండా ఇవ్వడం ఎలాగో ఆవిడ కనిపెట్టింది. నా చూపు ఎక్కడ పెట్టాలో తెలియక దుప్పటి అంచు కుట్టు చూసేదాన్ని. చుట్టూ జతలు జతలుగా దగ్గరవుతున్నారు, చెవిలో ఏదో పడేస్తున్నారు, వెనక్కి నడుస్తూ వంకర్లు పోతూ నవ్వుతున్నారు. మా దుప్పటి ఒక్కటే మూగది.

చాలా రోజులు అలాగే మడిచాం. ఎప్పుడు మారిందో చెప్పలేను. ఒకరోజు చూస్తే ఆవిడ వేళ్ళు నా వేళ్ళ మధ్యకి వచ్చాయి. ఇంకోరోజు ఆవిడ ఊపిరి నా మెడకి తగిలింది. చేతులకి మాత్రం మాట కుదిరింది. ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన చోటే నిలబడ్డాను, ఆవిడ దుప్పటికి అవతల. కోరుకున్నది ఇది కాదు. ఆవిడ నడిచి వచ్చే ప్రతిసారీ, ఒక్క మాట చెప్పు వదినా, ఉప్పులేనిదైనా చెప్పు అని నా లోపల ఏదో చెయ్యి చాపేది. పైకి మొనలు మాత్రం అందించేదాన్ని. ఆవిడ ముఖం చూస్తే తనూ దేనికోసమో చెయ్యి చాపి ఉన్నట్టే ఉండేది. అందులో మాత్రం మేమిద్దరం ఒకే వైపు మనుషులం.

ఒక మధ్యాహ్నం, భోజనాల తర్వాత, అందరికీ కళ్ళు బరువెక్కే వేళ. ఆసుపత్రి దుప్పట్లు గుట్టగా పడి ఉన్నాయి. టముకత్త బుట్ట తోసుకుంటూ మా పక్కనుంచి వెళ్ళింది, అలవాటు ప్రకారం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. వదిన ఎదురొచ్చి మొనలు నా చేతిలో పెట్టింది.

"టముకత్త పొట్ట చూశావా?"

నాకు సరిగ్గా వినపడిందో లేదో తెలియలేదు. అప్పటికే ఆవిడ వేలాడే మడత అందుకుని వెనక్కి నడుస్తోంది. నేనూ వెనక్కి నడిచాను. అన్నీ మామూలుగా చెయ్యాలి, తొందరపడకూడదు, బిగలాగాలి, అంచులు కలపాలి. ఎదురు నడిచాను. ముఖంలో ఏమీ కనపడనివ్వకూడదని పళ్ళు బిగించాను.

"చెప్పని కబుర్లన్నీ అందులోనే దాస్తోంది," అంది వదిన.

నాకు నవ్వు పొంగుకొచ్చింది. భయమూ వచ్చింది. కింది పెదవి కొరికి పట్టుకున్నాను. ముక్కులోంచి వస్తున్న నవ్వుని దగ్గు చేద్దామనుకున్నాను, కుదర్లేదు. దుప్పటి అంచు కుట్టుని చూశాను. వెనక్కి వెళ్ళాల్సిన వదిన వెళ్ళలేదు. మా ఇద్దరి చేతుల మధ్య మొనలు అలాగే ఉన్నాయి.

"ఎందుకాపుకుంటున్నావు?" అంది.

"నీకు..."

"నాకు రావట్లేదు. నీకొస్తోందిగా. నవ్వు."

"పర్లేదా?"

"తెలియదు," అంది. "చూస్తాను."

నవ్వాను. పెద్దగా కాదు. డ్రయ్యర్ల మోతలో నాకే వినపడలేదు. వదిన కళ్ళు మూసుకోలేదు. దుప్పటి మొనలతో పాటు నా వేళ్ళని కూడా కలిపి గట్టిగా పట్టుకుంది, గోళ్ళు తెల్లబడేంత గట్టిగా. నుదుటి మీద చెమట పట్టింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. అయినా నా ముఖం మీద నుంచి చూపు తీయలేదు. లోపలికి రానివ్వని ఇంటి కిటికీలోంచి, లోపల దీపం వెలుగులో కూర్చున్న తనవాళ్ళని చూసే మనిషి అలా చూస్తుంది. నా నవ్వు తగ్గేదాకా, పూర్తిగా ఆగేదాకా అలాగే చూసింది.

తను నవ్వలేదు. నవ్వుతుందని ఒక్క క్షణం అనిపించింది గానీ, నవ్వలేదు.

ఆ తర్వాత వేళ్ళు వదిలేసింది. మడిచిన దుప్పటి బల్ల మీద పెట్టి, అరచేత్తో ఒకసారి నిమిరి, చెంగుతో నుదురు తుడుచుకుంది. అటువైపు నుంచి బాబాయి, దుప్పట్లు పేరుకుపోతున్నాయని చేత్తో సైగ చేస్తున్నాడు. వదిన గుట్టలోంచి ఇంకో దుప్పటి లాగి, రెండు మొనలు నాకిచ్చి, మిగతా రెండూ పట్టుకుని వెనక్కి నడిచింది. దులిపాం. మడిచాం. ఈసారి ఏమైనా చెప్తుందో లేదో తెలియదు. ఎదురు నడవడం మొదలుపెట్టాను.